మా పటాల వల్ల సంస్థకు ఏమి ఒరిగిందని అడుగుతున్నారు

ఈసారి ఉత్తరం ఒక పెద్ద బీమా సంస్థలో 14 ఏళ్లుగా డేటా మోడలర్‌గా పనిచేస్తున్న పాఠకురాలిది. సంస్థ డేటా ఏ టేబుళ్లలో (పట్టికల్లో), ఏ పేర్లతో, ఏ అర్థంతో ఉండాలో తేల్చేవారిని డేటా మోడలర్లు అంటారు. ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె ఐదుగురు సభ్యుల బృందానికి పెద్ద. సంస్థలో కొత్త టేబుల్ పుట్టాలన్నా, ఉన్న టేబుల్‌కు ఒక కాలమ్ చేరాలన్నా ముందు ఈ బృందం ఆమోదించాలి. ఇన్నేళ్లలో దాదాపు 1,400 టేబుళ్లకు పేర్లు పెట్టారు, నిర్వచనాలు రాశారు, ఏది దేనితో ముడిపడి ఉందో గీసి చూపారు. ఆ పటాన్ని పెద్ద కాగితం మీద అచ్చువేసి మూడో అంతస్తు గోడకు అంటించారు. పక్కనే కాఫీ యంత్రం ఉంది. "రోజూ వందమంది పటం ముందు నిలబడతారు. ఒక్కరూ దాన్ని చూడరు" అని రాశారు.

మూడు నెలల క్రితం ఫైనాన్స్ నుంచి కొత్త అధికారి వచ్చారు. మొదటి సమీక్షలోనే, కోపంగా కాదు, మామూలుగా అడిగారట: "మీ బృందం వల్ల సంస్థకు ఏటా ఎంత ఒరుగుతోంది? ఆరు వారాల్లో ఒక పేజీ రాసివ్వండి. లేదంటే మీ ఐదుగురినీ ఐదు ప్రాజెక్టులకు సర్దుతాను." అదే గదిలో డేటా ఇంజినీరింగ్ విభాగాధిపతి కూడా ఉన్నారు. ఒకప్పుడు ఈమె దగ్గరే పని నేర్చుకున్న యువకుడు. "వచ్చిన డేటా వచ్చినట్టు లేక్‌లో పోసేద్దాం. కావలసినవాళ్లు కావలసినప్పుడు అర్థం వెతుక్కుంటారు. మోడల్ కోసం కూర్చుంటే ప్రాజెక్టులు నడవవు" అన్నారు. లేక్ అంటే సంస్థ డేటానంతా ముడిరూపంలోనే దాచే ఒక పెద్ద నిల్వ. "నా చేతుల్లో పెరిగినవాడు" అన్న మాట ఉత్తరంలో మూడుచోట్ల ఉంది.

తన పని అవసరమని నమ్మడానికి ఆమె రెండు సంగతులు చెప్పారు. మొదటిది, గత త్రైమాసికంలో డైరెక్టర్ల బోర్డుకు కస్టమర్ల సంఖ్య మూడు రకాలుగా వెళ్లింది. మార్కెటింగ్ 31 లక్షలు అంది, క్లెయిముల విభాగం 27 లక్షలు అంది, ఫైనాన్స్ 24 లక్షలు అంది. ఇలాంటి తేడాలు సరిచేయడానికి ప్రతి నెలాఖరుకు తొమ్మిది మంది నాలుగేసి రోజులు కూర్చుంటారు. రెండోది, చనిపోయిన ఒక పాలసీదారు ఫోనుకు సంస్థ నుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్లాయి. ఆయన క్లెయిము సొమ్మును అదే సంస్థ నాలుగు నెలల ముందే ఆయన భార్యకు చెల్లించింది. ఆమె కాల్ సెంటర్‌కు ఫోను చేసి, అరవకుండా, "మీకు తెలియదా?" అని మాత్రం అడిగారు. ఫోను తీసుకున్న ఉద్యోగిని అలాంటి పేర్లను "వీరికి పంపవద్దు" అని సొంత ఎక్సెల్ షీటులో రాసుకుంటూ ఉంటుందట.

"నా పనికి విలువ లేదా, ఉన్నా చెప్పడం నాకు చేతకాలేదా? రాజీనామా రాసి డ్రాయరులో పెట్టుకున్నాను" అని ఉత్తరం ముగించారు.

రాజీనామాను డ్రాయరులోనే ఉండనివ్వండి. ఆరు వారాల తర్వాత కూడా అది పనికొస్తుంది. ముందు మీ అధికారి ప్రశ్న సంగతి చూద్దాం.

ఆయన మిమ్మల్ని అవమానించలేదు. నన్నడిగితే, 14 ఏళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగకపోవడమే విడ్డూరం. ఫైనాన్స్ నుంచి వచ్చిన మనిషి శిక్షణ విభాగాన్నీ, న్యాయ విభాగాన్నీ కూడా ఇదే అడుగుతాడు. మీకు గుచ్చుకున్నది ప్రశ్న కాదనుకుంటాను. చెప్పడానికి మాట దొరకని ఆ క్షణంలో మీ పాత శిష్యుడు ఎదురుగా ఉండటం గుచ్చుకుంది. ఈ రెంటినీ విడదీసుకోకపోతే ఆరు వారాలూ అధికారి కోసం రాస్తున్నాననుకుంటూ ఆ యువకుడికి సమాధానం రాస్తారు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, సారాంశంలో కావాలనే వదిలేశాను. "ఒక్క కాలమ్ ఆమోదానికి సగటున ఐదు వారాలు పడుతుంది, నాణ్యత కావాలంటే తప్పదు కదా" అన్నారు. తప్పుతుందండీ. ఐదు వారాలు ఆగలేని డెవలపర్ ఏమి చేస్తాడో మీకు తెలియనిది కాదు. ఉన్న కాలమ్‌లోనే కుక్కుతాడు. నేను పనిచేసిన ఒకచోట "రిమార్కులు" అనే కాలమ్ తెరిచి చూస్తే అందులో ఏజెంట్ కోడు, ఒక తేదీ, రెండో ఫోను నంబరు, మధ్యలో ఏటవాలు గీతలు, అక్కడక్కడ నిజంగానే రిమార్కులు కనిపించాయి. ఆ కాలమ్‌ను చదవడానికి నాలుగు ప్రోగ్రాములు నాలుగు విధాలుగా రాసుకున్నారు. ఆ కాలమ్‌ను పుట్టించింది నిర్లక్ష్యం కాదు, మా బృందం ఆమోదం అనే గేటు. అప్పట్లో ఆ గేటు దగ్గర కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మోడల్ కోసం కూర్చుంటే ప్రాజెక్టులు నడవవని మీ పాత శిష్యుడు అన్నప్పుడు మీకు కోపం రావడానికి, అందులో సగం నిజం ఉండటం కూడా కారణమేమో చూసుకోండి.

ఇక విలువ. పటానికి విలువ కట్టబోతే మీకు ఎప్పటికీ జవాబు దొరకదు, ఎందుకంటే పటానికి విలువ లేదు. డేటా మోడల్ అంటే ఒక మాటకు సంస్థలో అందరమూ ఫలానా అర్థమే తీసుకుంటామని కుదుర్చుకున్న ఒప్పందం. పటం ఆ ఒప్పందం రాసుకున్న కాగితం. ఒప్పందం కుదరకుండా కాగితం మాత్రమే ఉంటే అది గోడకు అలంకారం. మీ 1,400 టేబుళ్లలో ఎన్నింటి వెనుక రెండు విభాగాలు ఎదురెదురుగా కూర్చుని "సరే, ఇకనుంచి దీని అర్థం ఇదే" అనుకున్నాయో లెక్కపెట్టండి. ఎన్నింటికి మీ బృందమే ఒక మధ్యాహ్నం కూర్చుని నిర్వచనం రాసేసిందో కూడా లెక్కపెట్టండి.

ఈ వృత్తి మొదలైంది ఇలా కాదు. 1970లో ఎడ్గార్ కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించినప్పుడు ఆయన బాధ, డేటా వాడుకునేవాడు యంత్రం లోపల అది ఎలా అమర్చి ఉందో తెలుసుకోవలసి రావడం. 1976లో మరో శాస్త్రవేత్త పీటర్ చెన్ ఎంటిటీలు (మనిషి, పాలసీ లాంటివి), వాటి మధ్య సంబంధాలు అనే పద్ధతి తెచ్చినప్పుడు, లోకంలో ఉన్న వస్తువులను మనిషి ఎలా చూస్తాడో డేటాను అలా చూడటం ఆయన ఉద్దేశం. ఆ తర్వాత యాభై ఏళ్లలో మనకు పెట్టెలు, గీతలు మిగిలాయి. పెట్టె లోపల పెట్టిన మాట గురించి జరగవలసిన సంభాషణ జారిపోయింది.

పుట్టినరోజు సందేశాన్నే తీసుకుందాం. మీరు దాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. అధికారికి ఇవ్వవలసిన పేజీ మొత్తం అందులోనే ఉంది.

మీరు రాసిన వివరాలను బట్టి జరిగింది ఇది. మీ పాలసీ సిస్టమ్‌లో కస్టమర్ అంటే పాలసీతో పాటు టేబుల్‌లో పుట్టే ఒక వరుస. ఆయనకు జీవిత బీమా ఒకటి, వాహన బీమా ఒకటి ఉన్నాయి. కాబట్టి ఆయన రెండు వరుసలు, రెండు కస్టమర్ నంబర్లు. ఒకదానిలో పూర్తి పేరు, రెండోదానిలో పొడి అక్షరాలు. ఆయన పోయినప్పుడు క్లెయిముల విభాగం మరణ తేదీని సక్రమంగానే నమోదు చేసింది, అయితే జీవిత బీమా పాలసీకి చెందిన క్లెయిము మీద. వాహన పాలసీ దృష్టిలో ఆయన ఇంకా బతికే ఉన్నారు. మార్కెటింగ్ జాబితా ఆ వరుసను తీసుకుంది. పుట్టిన తేదీ సరైనదే. ఫోను నంబరు సరైనదే. సందేశం సరైన రోజున, సరైన ఫోనుకు వెళ్లింది.

ఇందులో తప్పు చేసినవాళ్లు ఎవరో చెప్పండి. ఏ ప్రోగ్రామూ విఫలం కాలేదు. నాణ్యత తనిఖీలు ఎన్ని పెట్టినా ఈ వరుస అన్నిటిలోనూ నెగ్గేది. కొరత ఒక్కటే. మీ డేటాలో మనిషి లేడు. పాలసీదారు, బీమా రక్షణ ఉన్న వ్యక్తి, ప్రీమియం కట్టేవారు, నామినీ, ఇవన్నీ ఒక మనిషి వేసే వేషాలు. మీ సంస్థ వేషానికో నంబరు ఇచ్చింది, మనిషికి ఇవ్వలేదు. మరణం వేషానికి రాదు, మనిషికి వస్తుంది. దాన్ని రాసుకోవడానికి మీ సిస్టమ్‌లలో చోటు లేదు.

31, 27, 24 లక్షల గొడవ కూడా దీనికి తోబుట్టువే. మార్కెటింగ్ లెక్కలో ఫోను నంబరు ఉన్న ప్రతి ఒక్కరూ ఉంటారు, రద్దయిన పాలసీల వాళ్లతో సహా. క్లెయిములవారు రక్షణ కింద ఉన్న ప్రాణాలను లెక్కిస్తారు, ఒక యజమాని తీసుకున్న బృంద పాలసీలోని ఉద్యోగులతో సహా. ఫైనాన్స్ ఈ ఏడాది ప్రీమియం కట్టినవారిని లెక్కిస్తుంది. ముగ్గురూ తమ తమ ప్రశ్నకు సరైన జవాబే చెప్పారు. ప్రశ్నలు వేరని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మన వృత్తివాళ్లు తరచు పడే గోతిలో మీరు పడకండి. "సంస్థ అంతటికీ కస్టమర్ సంఖ్య ఒకటే ఉండాలి" అని మాత్రం అనవద్దు. ఒకటే ఉంటే ముగ్గురిలో ఇద్దరికి అది పనికిరాదు. వాళ్లు మళ్లీ తమ లెక్క తాము చాటుగా వేసుకుంటారు. కావలసినవి మూడు లెక్కలకు మూడు వేర్వేరు పేర్లు, ఒక లెక్క నుంచి మరో లెక్కకు ఎలా రావాలో చెప్పే దారి. 31లో రద్దయినవారిని తీసేస్తే ఎంత, బృంద పాలసీల ప్రాణాలను కలిపితే ఎంత, ఒకే మనిషి రెండుసార్లు లెక్కకు వచ్చిన చోట్లు ఎన్ని. బోర్డు ముందు ఈ దారి చూపగలిగితే మూడు సంఖ్యలూ పక్కపక్కనే ఉన్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు లెక్క. తొమ్మిది మంది, నాలుగు రోజులు, అంటే నెలకు 36 పనిదినాలు, ఏడాదికి 432. దాదాపు ఇద్దరు మనుషులు ఏడాది పొడవునా అదే పని చేసినట్టు. ఈ 432ను యథాతథంగా మీ పేజీలో పెట్టాలని మనసు లాగుతుంది. పెట్టకండి. ఆ నాలుగు రోజుల్లో కొంత భాగం డేటా ఆలస్యంగా అందడం వల్ల, కొంత శాఖల్లో తప్పుగా నమోదు చేయడం వల్ల, కొంత ఒక సిస్టమ్ సాయంత్రం, ఇంకోటి అర్ధరాత్రి లెక్క మూయడం వల్ల పోతుంది. వాటిని ఏ మోడలూ తగ్గించదు. ఈ నెలాఖరున ఆ తొమ్మిది మందిలో ఇద్దరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఏ తేడా ఎందుకు వచ్చిందో ఒక్కో గీతగా రాసుకోండి. అర్థాల తేడా వల్ల పోయింది మూడో వంతే అని తేలితే 144 అనే రాయండి, ఎలా విడదీశారో కింద రాయండి. గుండ్రటి పెద్ద అంకెను చూసిన ఫైనాన్స్ మనిషి చేసే మొదటి పని దానిలో కన్నం వెతకడం. కన్నాలు మీరే ముందు చూపిస్తే మిగిలినదాన్ని నమ్ముతాడు. పనిదినాలను డబ్బులోకి మార్చడం కూడా ఆయనకే వదిలేయండి. ఆయన దగ్గర ఆ రేటు ఉంటుంది, మీరు ఊహించిన రేటు మీద వాదన పెట్టుకోవడం దేనికి?

రెండో లెక్క, ఇటీవల ముగిసిన మూడు ప్రాజెక్టులు. పరీక్షల్లో దొరికిన లోపాల జాబితా తీసి, "ఈ కాలమ్ అర్థం ఇది అనుకున్నాం, అది కాదట" అన్న రకం ఎన్నో చూడండి. వాటిని సరిదిద్దడానికి పట్టిన రోజులు ఆ జాబితాలోనే ఉంటాయి.

భయపెట్టే కథలు మాత్రం వద్దు. ఇలాంటి సమావేశాల్లో ఎవరో ఒకరు 1999లో అంగారకుడి దగ్గర నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక సంగతి ఎత్తుతారు. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో నౌక ఇంజన్ల తోపుడు విలువలు పంపితే, అందుకున్నది వాటిని న్యూటన్ల లెక్క అనుకుంది. నాలుగున్నర రెట్ల తేడాతో నౌక దారి తప్పింది. నిజమైన కథ, మన పనికి సరిగ్గా సరిపోయే కథ కూడా. అంకె సరైనదే, దాని అర్థం ఎదుటివారికి చేరలేదు. అయినా మీ అధికారి "మనం అంగారకుడికి పోవడం లేదు కదా" అంటే మీ దగ్గర మాట ఉండదు.

ఆయన రంగం నుంచే చెప్పండి. 2008 సెప్టెంబరులో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు చాలా ఆర్థిక సంస్థలు తమ సొమ్ము మొత్తం ఎంత అందులో చిక్కుకుందో వెంటనే చెప్పలేకపోయాయి. ఆ ఒక్క గుంపుకు ఎన్నో అనుబంధ కంపెనీలు, ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో పేరు, ఒక్కో నంబరు. మీ పాలసీదారు రెండు వరుసలుగా ఉన్నట్టే. దాని తర్వాతే ఆర్థిక లావాదేవీలు జరిపే సంస్థకు ప్రపంచమంతటా చెల్లేలా, అక్షరాలూ అంకెలూ కలిపి 20 గుర్తుల ఒకే గుర్తింపు కోడు ఇచ్చే ఎల్‌ఈఐ పద్ధతి వచ్చింది. 2013 జనవరిలో బ్యాంకు నియంత్రకుల అంతర్జాతీయ వేదిక అయిన బాసెల్ కమిటీ పెద్ద బ్యాంకుల కోసం 14 సూత్రాలు విడుదల చేసింది. అందులో ఒకటి, బ్యాంకు గ్రూపు అంతటా డేటా పేర్లు, గుర్తింపులు ఏకరీతిగా ఉండాలని చెబుతుంది. నియంత్రకులు చెప్పారంటే అది డేటా మోడలర్ల అభిరుచి విషయం కాదు కదా.

మీ రంగంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 17 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం, బీమా ఒప్పందాలను గుంపులుగా విడదీయమంటుంది. ఒక గుంపులోని ఒప్పందాల జారీ మధ్య ఏడాదికి మించి తేడా ఉండకూడదు. చిన్న మాటే. అయితే "జారీ తేదీ" అంటే ప్రతిపాదన అందిన రోజా, అండర్‌రైటింగ్ (బీమా ఇవ్వాలా వద్దా తేల్చే విభాగం) ఆమోదించిన రోజా, పత్రం అచ్చయిన రోజా? మూడు సిస్టమ్‌లు మూడు చెబితే డిసెంబరు చివరి వారం పాలసీలు ఏ గుంపులో పడతాయి? మీ సంస్థ ఈ ప్రమాణాన్ని పాటిస్తుంటే, అప్పట్లో ఫైనాన్స్‌వాళ్లు ఇలాంటి ప్రశ్నలతో ఎవరి దగ్గరికి వచ్చారు? మీ దగ్గరికే వస్తే ఆ మెయిళ్లు వెతికి తీయండి. మీ విలువ గురించి సాక్ష్యం ఫైనాన్స్ రాసిన మెయిల్లోనే దొరుకుతుంది. రాకపోతే, ఎందుకు రాలేదో మీరు తెలుసుకోవాలి.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంత మేరకు చెబుతాను.

పైన చెప్పిన లెక్కలతో ఒక పేజీ రాసి బృందాన్ని ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవచ్చు. బహుశా గెలుస్తారు కూడా. అయితే గేటు అలాగే ఉంటుంది, ఐదు వారాలూ అలాగే ఉంటాయి, వచ్చే ఏడు ఇదే ప్రశ్న ఇంకొంచెం కటువుగా వస్తుంది. ఏడాదికోసారి మన ఉనికికి వకాల్తా రాసుకోవడం మనిషిని లోపల్నుంచి తినేసే పని.

లేదంటే ఆరు వారాల్లో ఒకే ఒక్క అర్థాన్ని కుదిర్చి చూపవచ్చు. వెంటనే "కస్టమర్" మీదకు పోకండి. అది సముద్రం, మూడు విభాగాల పరువులు అందులో మునిగి ఉన్నాయి. "మరణం" తీసుకోండి. ఒక మనిషి పోయారన్న సంగతి సంస్థలో ముందు ఎవరికి తెలుస్తుంది, ఇంకా ఎవరికి తెలియాలి, ఎన్ని రోజుల్లో తెలియాలి. మూడు విభాగాలు చాలు, క్లెయిములు, పాలసీ సేవలు, మార్కెటింగ్. మరణ క్లెయిము నమోదైన వ్యక్తులకే పరిమితమైతే ఒకే మనిషి వరుసలను కలపడం అసాధ్యమేమీ కాదు. యంత్రం తేల్చలేనివి చేత్తో చూసుకోవచ్చు. గత 12 నెలల్లో మరణ తేదీ తర్వాత కూడా శుభాకాంక్షలో, ప్రీమియం గుర్తుచేసే సందేశమో ఎంతమందికి వెళ్లిందో లెక్క తీయండి. డేటా వాడటానికి అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి, ఇవి వ్యక్తుల వివరాలు.

ఈ దారిలోనూ ఒక ముల్లు ఉంది. ఆ సంఖ్య చిన్నది కాకపోవచ్చు. సమావేశంలో మొదటిసారి దాన్ని తెర మీద చూసిన మార్కెటింగ్ అధిపతి తనను నిలదీశారనే అనుకుంటారు. అప్పుడు మీరు ఒప్పందం కుదిర్చే మనిషి కాకుండా తప్పులు పట్టే మనిషి అవుతారు. కాబట్టి లెక్క తేలిన రోజే వారి గదికి వెళ్లి, తలుపు వేసి, వారికి మాత్రమే చూపించండి. "ఇది మీ తప్పు కాదు, మీకు తెలిసే ఏర్పాటే లేదు" అనండి. అది నిజం కూడా. పేజీ మీద వారి పేరు కూడా ఉండేలా చూసుకోండి.

మూడోది, అధికారి చెప్పినట్టు ఐదు ప్రాజెక్టుల్లోకి వెళ్లిపోవడం. మీరు దీన్ని మరణశిక్షలా రాశారు, నాకు అలా కనిపించడం లేదు. కాలమ్ పుట్టే గదిలో మీరు ఉంటారు, ఐదు వారాల తర్వాత కాగితం మీద కాక అప్పటికప్పుడు "దీని అర్థమేమిటి?" అని అడగగలుగుతారు. పోయేది ఏమిటంటే, ప్రాజెక్టుల మధ్య ఉన్న అర్థాలకు దిక్కు ఉండదు. ఒక సంస్థలో మనుషులు ఎవరితో మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్‌లూ అదే ఆకారంలో ఉంటాయని మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ నిపుణుడు 1968లోనే రాశారు. మీ ఐదుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తే రెండేళ్లలో ఐదు యాసల డేటా తయారవుతుంది. ఒప్పుకునేటట్టయితే, వారంలో సగం రోజు ఐదుగురూ కలిసి కూర్చోవడానికి సమయం రాతలో పెట్టించుకోండి. నోటి మాటగా ఉన్న సగం రోజు రెండో నెలలో మాయమవుతుంది.

వెళ్లిపోవడం గురించి పెద్దగా చెప్పను. ఇంకోచోట ఇదే ప్రశ్న ఎదురవుతుంది. జవాబు చేతిలో పెట్టుకుని వెళ్తే బేరం మీ వైపు ఉంటుంది.

నా మొగ్గు రెండో దారి వైపు. దానితో పాటు మీ అంతట మీరే ఒకటి వదులుకోవాలి, ఆ గేటు. 1,400 టేబుళ్లలో ఒకటి కంటే ఎక్కువ విభాగాలు వాడేవి ఎన్ని? నేను చూసిన పెద్ద సంస్థల్లో నిజంగా అందరూ పంచుకునే మాటలు కొన్ని పదులకు మించలేదు. మనిషి, ఒప్పందం, రక్షణ, క్లెయిము, చెల్లింపు, ఏజెంటు, ఇలాంటివి. వాటి అర్థం మారాలంటే విభాగాలు కూర్చుని తేల్చాలి, ఐదు వారాలైనా పట్టనివ్వండి. మిగతావి డెవలపర్లకు వదిలేయండి, మీరు రెండు రోజుల్లో ఒకసారి చూసి సలహా చెప్పండి చాలు. మీ పేజీలో ఈ మాట మీరే ముందు రాస్తే, గదిలో సగం వాదన అక్కడికక్కడే ముగుస్తుంది.

ఆ యువకుడి సంగతి. ముందు పోసేద్దాం అన్న అతని మాటలో తప్పు లేదు, నిల్వ చవకైంది, డేటా పారేసుకోవడం కంటే దాచుకోవడం మేలు. "తర్వాత అర్థం వెతుక్కుంటారు" అన్నదే సరికాదు. అర్థం తెలిసిన మనిషి డేటా పోసే రోజున ఉంటాడు, వెతికే రోజుకు వేరే విభాగానికో వేరే సంస్థకో వెళ్లిపోయి ఉంటాడు. మోడల్ లేకుండా డేటాను వాడినవాళ్లు కూడా ఎవరూ లేరు. రిపోర్టు రాసే ప్రతి ఒక్కరూ తమ క్వెరీలో (డేటాను వెతికి తెచ్చే ఆదేశంలో) "స్థితి 3 అయితే వదిలెయ్యి" అని ఒక షరతు రాసుకుంటారు. అదీ మోడలే. ఎవరికీ చెప్పకుండా, 200 రిపోర్టుల్లో 200 రకాలుగా రాసుకున్న మోడల్.

ఇది అతనికి సమీక్షలో చెప్పకండి. మరణ తేదీలను, వెళ్లిన సందేశాలను కలిపి లెక్క తీయాలంటే రెండు సిస్టమ్‌ల డేటా ఒకచోట కావాలి. అది ఇప్పటికే అతని లేక్‌లో ఉండి ఉంటుంది. మీ బృందానికి రెండు వారాలు పట్టే పని అతని మనుషులు ఒక పూటలో చేస్తారు. వెళ్లి అడగండి. చేతుల్లో పెరిగినవాడిని సాయం అడగడం కష్టమే, తెలుసు. ఏ వరుసా ఏ వరుసా ఒకే మనిషో ఎలా తేల్చాలని పది నిమిషాల్లో అతనే మిమ్మల్ని అడుగుతాడు.

అంతకన్నా ముందు కాల్ సెంటర్‌కు వెళ్లండి. "వీరికి పంపవద్దు" అని ఎక్సెల్‌లో రాసుకునే ఆ ఉద్యోగిని పేరు మీ ఉత్తరంలో లేదు, మీకు తెలియదేమోనని అనుమానం. మనిషి అనే ఎంటిటీ లేని సంస్థలో దాన్ని ఆమె ఒంటిచేత్తో తయారుచేసుకుంది. ఆమె షీటులో ఏ కాలమ్‌లు ఉన్నాయో చూడండి. పేరు, ఫోను, తేదీ, ఇంకా ఏవో ఉంటాయి. భార్య ఫోను చేశారా, కొడుకు చేశారా అని కూడా రాసి ఉంటే ఆశ్చర్యపోను. ఎన్ని వరుసలు ఉన్నాయో, మొదటి వరుస మీద ఏ తేదీ ఉందో అడగండి. ఆమె ఒప్పుకుంటే సమీక్ష రోజున మీతో పాటు తీసుకువెళ్లి, మీ పటం కంటే ముందు ఆ షీటు తెరిపించండి.